స్పెల్లింగ్ సరిగ్గానే ఉంది

ఆ గొడవ ప్లగ్గు దగ్గర మొదలైంది. మా వంటింటి గట్టు పక్కన ఉన్నది ఒక్కటే ప్లగ్గు. పొద్దున ఏడింటికి అది మిక్సీది. కొబ్బరి ముక్కలూ పచ్చిమిరపకాయలూ జార్‌లో వేసుకుని తిరిగి చూస్తే, అక్కడ క్రిస్టినా ఫోను చార్జింగ్‌కి పెట్టి ఉంది. తీసి బియ్యం డబ్బా మీద పెట్టి పచ్చడి తిప్పేశాను.

“అక్కా, నా ఫోను తీసిందెవరు?”

“ఈ ఇంట్లో పచ్చడి చేసేదెవరో వాళ్ళు.”

“కస్టమర్ ఫోటోలు పంపుతున్నాడక్కా. రెండు పర్సెంటే ఉంది. ఇదిగో, ఆఫ్ అయిపోయింది.”

“ఇడ్లీలు చల్లారిపోతున్నాయి మరి. పచ్చడి లేకుండా మింగుతారా?”

“పది నిమిషాలు ఆగితే కొబ్బరేం పారిపోదు కదా.”

మా అత్తగారు సంపూర్ణమ్మ జపమాల పూసలు తిప్పుతూనే హాల్లోంచి కేకేశారు. “పొద్దున్నే ప్లగ్గు కోసం ఏంటమ్మా మీ ఇద్దరూ? ఒరే ఎలీషా, మూడు ప్లగ్గుల బాక్సు ఒకటి కొని పడెయ్యరా. పండగ ముందు ఈ రాద్ధాంతం నేను వినలేను.”

ఎలీషా నా మరిది, క్రిస్టినా భర్త. సాయంత్రానికల్లా బాక్సు తెచ్చాడు. అందులో ఒకదానికి క్రిస్టినా ఫోను, ఇంకోదానికి క్రిస్టినా ల్యాప్‌టాప్ చేరాయి. నాకు మళ్ళీ ఒక్కటే మిగిలింది. ఆ బాక్సు వంక చూస్తూ అన్నం పొంగే దాకా నిలబడ్డాను.

ఇది రెండేళ్ళ కిందటి మాట, జనవరి నెలాఖరు. మేముండేది గుణదలలో, కొండకి వెళ్ళే రోడ్డుకి రెండు వీధుల ఇవతల. మేరీమాత తిరునాళ్ళకి ఇంకా పది రోజులుంది.

మా మామగారు అంతోనిగారికి ఆటోనగర్‌లో ఒక రేకుల షెడ్డు ఉంది. నలభై ఏళ్ళు లారీల మీద అక్షరాలు రాశారు. కళ్ళకి శుక్లాలు వచ్చాక బ్రష్షు పెద్దకొడుకు చేతికిచ్చారు. పెద్దకొడుకంటే మా ఆయన, స్టీఫెన్. సుద్ద రాసిన దారాన్ని రెండు కొసలా బిగబట్టి వదిలితే బండి మీద తెల్లగీత పడుతుంది. దాని మీద ఆయన అక్షరం రాస్తుంటే పక్క షెడ్లవాళ్ళు టీ గ్లాసులు పట్టుకుని వచ్చి నిలబడేవాళ్ళు.

అందులో నాకూ ఒక వాటా ఉండేది. నేను చల్లపల్లిలో డిగ్రీ చేశాను, స్పెషల్ తెలుగు. పెళ్ళయిన కొత్తలోనే అలవాటైంది, రోజుకి ఒకటి రెండుసార్లు ఆయన షెడ్డు నుంచి ఫోన్ చేసేవారు.

“హెలెన్, ‘ప్రార్థన’లో ఒత్తుకి పొట్టలో చుక్కా, కింద గీతా?”

“పొట్టలో చుక్క.”

“సరే, ఉంటా.”

అంతే. చెయ్యి కొంగుకి తుడుచుకుని ఆ ఫోను ఎత్తేదాన్ని. తర్వాత ఆ లారీ విశాఖపట్నం పోనీ బొంబాయి పోనీ, దాని మీద తప్పు లేని మాట ఒకటి నాది. ఈ సంగతి ఎవరితోనూ అనలేదు. అనేంత పెద్దది కూడా కాదు.

క్రిస్టినా కాపురానికి వచ్చిన ఏడాదికి షెడ్డులోకి కటింగ్ మిషన్ వచ్చింది. ఆ పిల్ల పటమటలో పెరిగింది, పాలిటెక్నిక్ డిప్లొమా చేసింది, చదువంతా ఇంగ్లీషు మీడియం. తెలుగు చదువుతుంది గానీ, చీకట్లో మెట్లు దిగినట్టు ఒక్కో అక్షరం తడుముకుంటుంది. అయితేనేం, కంప్యూటర్లో కొడితే మిషన్ రేడియం స్టిక్కరు కత్తిరించి ఇస్తుంది, పొద్దున చెప్పిన బండి సాయంత్రానికి మెరుస్తూ బయటికొస్తుంది. షోరూము నుంచి దిగే కొత్త బండ్లన్నీ స్టిక్కర్లే అడగసాగాయి. షెడ్డులో వెలుతురు పడే ముందు భాగం మిషన్‌కి పోయింది. మా ఆయన వెనక గోడవారకి జరిగారు. అక్షరాలు ఫోనే చూపిస్తుందట. నాకు ఫోన్లు రావడం ఆగిపోయింది.

మా పాప జెస్సికా బడి నుంచి వస్తూనే “పిన్ని వచ్చిందా?” అనేది. బీరువా మీద వాళ్ళ నాన్న ఆకుపచ్చ రంగుతో రాసిన తన పేరుకి పైన, పిన్ని కత్తిరించి ఇచ్చిన వెండి రంగు పేరు అతికించుకుంది. కింద పేరు సగం కప్పబడిపోయింది. పిల్లలకి మెరిసేవి ఇష్టం, అంతకు మించి అందులో ఏమీ లేదని నాకు తెలుసు. తెలిసి కూడా మూడు రోజులు ఆ బీరువా తుడవలేదు.

ఆ వారంలోనే మా ఆయన రంగు గుడ్డల సంచి ఉతకడానికి విప్పితే, అడుగున తిండి పార్సిళ్ళు ఇచ్చే కంపెనీ టీషర్టు మడిచి ఉంది. సాయంత్రం ఆరు నుంచి తొమ్మిది దాకా ‘లారీ పని’ అని ఆయన చెప్తున్నది ఇదన్నమాట. ఉతికి, ఆరేసి, మళ్ళీ అదే మడత మీద అడుగున పెట్టాను. నేను అడగలేదు, ఆయన చెప్పలేదు. ఆ పూట వంట చేస్తున్నంతసేపూ ఒకటే మాట బుర్రలో తిరిగింది. క్రిస్టినా మొగుడు ఫ్యాను కింద కూర్చుని మిషన్ చూసుకుంటాడు, నా మొగుడు ఎవరి ఇంటికో బిర్యానీ మోసుకుపోతాడు.

అప్పటికే ఎలీషా షెడ్డు బోర్డు మార్చాలని పట్టుబడుతున్నాడు. ‘అంతోని ఆర్ట్స్’ తీసేసి ‘క్రిస్ గ్రాఫిక్స్’ అని లైట్ల బోర్డు పెట్టాలట. మామగారు అవునూ కాదూ అనకుండా, “తిరునాళ్ళు కానివ్వండి, అప్పుడు చెప్తా” అన్నారు. ఆ మాట మీదే ఇల్లంతా ఊపిరి బిగబట్టి ఉంది. బోర్డు మారితే మా ఆయన ఇక ఆ షెడ్డులో ఉండరని నాకు తెలుసు.

నవదిన ప్రార్థనలు మొదలైన నాలుగోరోజు సొలొమోను అన్నయ్య వచ్చాడు. మా చల్లపల్లి మనిషి, మా పక్కింటి దానమ్మ పెద్దమ్మ కొడుకు. చెరువుల నుంచి రొయ్యలు తోలడానికి కొత్తగా మూడు వ్యాన్లు దించాడు.

“ఏం చెల్లెమ్మా, బాగున్నావా? ఇయ్యి మన పక్క రొయ్యలు. ఐసు పెట్టనియ్యి, తాజాయి.”

“పెద్దమ్మ ఎలా ఉంది అన్నయ్యా?”

“డాట్రు ఇంటికి తీసుకుపొమ్మన్నాడు, ఏం లాభం లేదని. ఇప్పుడు చూడు, నన్నే తిడతా ఉంది, కూరలో ఉప్పు సాల్లేదని. మరియమ్మ తల్లికి మొక్కుకున్నా. తిరునాళ్ళకి కొండెక్కించి గుండు కొట్టిస్తానని. బళ్ళ మీద కూడా మా అమ్మ బొమ్మ ఏయించి, ఎనకమాల మాట రాయించాల. మన స్టీఫెన్ బావ సేత్తోనే రాయాల. అందుకే నీకాడికొచ్చా.”

నా ఒళ్ళంతా తేలికైంది. చాలా రోజుల తర్వాత ఆ ఇంట్లోకి నా వైపు నుంచి వచ్చిన పని అది. అతనికి టీ ఇచ్చి, రెండోసారి కూడా ఇచ్చాను.

రాత్రి భోజనాల దగ్గర బళ్ళ పని సంగతి చెప్పగానే మామగారు తల అడ్డంగా ఊపారు. “మూడు బళ్ళు, ఆరు రోజులు. స్టీఫెన్‌కి ఏలూరు రోడ్డులో రాస్తున్న లారీ సగంలో ఉంది. బొమ్మ ఎలాగూ స్టిక్కరే. అక్షరాలు కూడా దాంతోనే లాగించెయ్యండి. క్రిస్టినా, నువ్వు చూసుకోమ్మా.”

“అన్నయ్య చేతిరాత అడిగాడు మామయ్యగారూ,” అన్నాను.

“అడుగుతారమ్మా. టైముకి ఇవ్వకపోతే మనల్నే అంటారు.”

మా ఆయన వైపు చూశాను. ఆయన అన్నంలో చారు పోసుకుంటూ, “నాన్న చెప్పింది నిజమే,” అన్నారు. క్రిస్టినా అప్పుడే ఫోను తీసి సొలొమోను అన్నయ్య నంబరు ఎక్కించుకుంటోంది.

అతను చదువుకున్నది మూడో క్లాసు దాకా. అందుకని ఏదైనా వాయిస్ మెసేజే పెడతాడు. మర్నాడు పొద్దున క్రిస్టినా టిఫిన్ తింటూ ఫోను బల్ల మీద పెట్టి వింది. నేను చట్నీ వేస్తూ పక్కనే ఉన్నాను.

“అమ్మ ఫోటో పంపానమ్మా. ఎనక తలుపు మీద అమ్మ బొమ్మ ఏసి, కింద అమ్మ సలవ అని పెద్దచ్చరాలతో ఏయించు. తిరునాళ్ళకి రెడీ అవ్వాల, మర్చిపోబాక.”

క్రిస్టినా రెండుసార్లు వింది. చెయ్యి కడుక్కుని వెళ్ళిపోయింది.

సాయంత్రం ఫోను పట్టుకుని నా దగ్గరికి వచ్చింది. నేను వరండాలో చిక్కుడుకాయలు ఈనెలు తీస్తున్నాను.

“అక్కా, ఒక్క నిమిషం. ఇది కటింగ్‌కి ఇచ్చేస్తున్నా. తెలుగు మీకు బాగా వచ్చు కదా, స్పెల్లింగ్ సరిగ్గా ఉందో లేదో చూస్తారా?”

చూశాను. దానమ్మ పెద్దమ్మ ఫోటో, ఆ బోసినవ్వు. చుట్టూ నల్లటి అంచు. ఒక పక్క వెలుగుతున్న కొవ్వొత్తి. కింద పెద్ద అక్షరాలతో: అమ్మా సెలవు.

“పాపం, వాళ్ళమ్మగారు ఈ మధ్యే పోయినట్టున్నారు. అందుకే కొవ్వొత్తి పెట్టా. ఆయన గొంతు కూడా అదోలా ఉంది,” అంది.

మా పక్క ‘చలవ’ని ‘సలవ’ అంటారు. చల్లని దీవెన, అమ్మ చలవ. క్రిస్టినా చెవికి అది ‘సెలవ’ అయింది, ఫోను దాన్ని ‘సెలవు’ చేసింది, ‘అమ్మ’కి దీర్ఘం ఆ పిల్లే పెట్టింది, బాధగా ఉండాలని. ఇదంతా అర్థం కావడానికి నాకు ఒక్క చిక్కుడుకాయ ఒలిచేంతసేపు కూడా పట్టలేదు. దానమ్మ పెద్దమ్మ బతికే ఉందని కూడా ఆ షాపులో కూర్చునే వాళ్ళెవరికీ తెలియదు, నాకు తెలుసు.

అక్షరాలు మరొకసారి చదివాను. సె, ల, వు. ఎక్కడా తప్పు లేదు.

“స్పెల్లింగ్ సరిగ్గానే ఉంది,” అన్నాను.

“థాంక్సక్కా,” అని గేటు దాటి వెళ్ళిపోయింది. స్కూటీ మలుపు తిరిగే చప్పుడు వినిపించింది. నేను మిగిలిన చిక్కుడుకాయలు ఒలిచాను. ఈనె ఒక్కటి కూడా వదల్లేదు.

చెప్పడానికి టైము లేకపోలేదు. ఆ రాత్రి భోజనాల దగ్గర చెప్పొచ్చు. మర్నాడు పొద్దున చెప్పొచ్చు. రోజూ సాయంత్రం ప్రార్థనకి వెళ్ళి, మోకాళ్ళ మీద ఉండి, ఇంటికెళ్ళగానే చెప్తానని అనుకునేదాన్ని. ఇంటికొస్తే ఆ పిల్ల ఏదో ఒకటి అనేది. “అక్కా, బావగారి బ్రష్షులు ముందర టేబుల్ మీద ఉంటున్నాయి, కొంచెం చెప్పరా?” అనేది. లేదంటే జెస్సికా దాని ఒళ్ళో పడుకుని ఉండేది. రేపు చెప్దాంలే అనుకునేదాన్ని. సొలొమోను అన్నయ్యకి డిజైన్ పంపితే, “అమ్మ బొమ్మ బాగొచ్చింది తల్లీ, కొవ్వొత్తి కూడా పండక్కి తగ్గట్టుంది” అని మెసేజ్ పెట్టాడు. అది కూడా బల్ల మీదే విన్నాను. స్టిక్కర్లు అతికించింది మా షెడ్డులో కాదు, వ్యాన్లు ఆపిన పక్క వీధి షెడ్డులో. ఎలీషా ఒక్కడే వెళ్ళి అతికించాడు. మా ఆయన ఏలూరు రోడ్డులో ఉన్నారు. మామగారికి అంత దూరం కనపడదు. తిరునాళ్ళ రెండోరోజు తెల్లవారకముందే డ్రైవర్లు వచ్చి బండ్లు పట్టుకుపోయారు.

ఆ మధ్యాహ్నానికే వాటిలో ఒకటి తిరిగొచ్చింది. మా వీధి జనం పట్టకుండా ఉంది. గుండు కొట్టించుకున్నవాళ్ళు, కొబ్బరికాయల సంచులు, చంటిపిల్లలు. సొలొమోను అన్నయ్య వ్యాను మా గేటు ముందు ఆపి, దానమ్మ పెద్దమ్మని చెయ్యి పట్టి దింపాడు. కొండ మీదికి వెళ్ళొచ్చేశారు. గుండుకి గంధం పూసుకుని, సగానికి సగం చిక్కిపోయి, అయినా కళ్ళు మాత్రం అవే.

“హెలెనూ, నీ ఇల్లు ఇదేనంటే? గేటు మీద పేరు చదివా. అం-తో-ని. నేనే చదివా, ఆడు కాదు,” అంది.

దానమ్మ పెద్దమ్మకి అక్షరాలు నేర్పింది నేను. నాకు పదేళ్ళు, ఆవిడకి నలభై అయిదు. మా మెట్ల మీద కూర్చుని పలక మీద దిద్దేది. బైబిల్ చదవాలని పట్టుదల. ఆ తర్వాత ఊళ్ళో ఒక్క బోర్డు వదిలిపెట్టేది కాదు, సోడా కొట్టు నుంచి పోస్టాఫీసు దాకా అన్నీ పైకి చదివేది.

అందరికీ మజ్జిగ ఇచ్చాను. అత్తగారు పెద్దమ్మని కుర్చీలో కూర్చోబెట్టి ఆసుపత్రి కబుర్లు అడుగుతున్నారు. మా ఆయన, మామగారు, ఎలీషా, క్రిస్టినా అందరూ వరండాలోనే ఉన్నారు. పండగ కదా, షెడ్డు మూసి ఉంది.

“నా చెప్పులు బండి ఎనకమాల ఉన్నై, తెచ్చుకుంటా,” అని పెద్దమ్మ లేచింది.

“నేను తెస్తా పెద్దమ్మా,” అన్నాను. అప్పటికే గేటు దాటేసింది.

వ్యాను వెనక తలుపు ముందు ఆగింది. ఫోటో చూసి నవ్వింది. తర్వాత వేలు పెట్టి చదవడం మొదలుపెట్టింది, నేను నేర్పినట్టే, ఒక్కో అక్షరం మీద వేలు ఆన్చి.

“అ-మ్మా. సె-ల-వు.” వేలు మళ్ళీ మొదటికి తెచ్చింది. “అమ్మా సెలవు. సెలవేందిరా సొలొమోనూ? నేనింకా పోలేదు గదరా.”

వీధిలో ఎవరో నవ్వారు. సొలొమోను అన్నయ్య చేతిలో గ్లాసు అలాగే ఉంది. “ఏం రాశారమ్మా దాని మీద?” అని క్రిస్టినా వైపు తిరిగాడు.

“మీరు చెప్పిందేనండీ. మీ వాయిస్ ఉంది, వినండి,” అంటూ ఆ పిల్ల గబగబా ఫోను తీసి పెట్టింది. *అమ్మ సలవ అని పెద్దచ్చరాలతో ఏయించు.* వరండా అంతా విన్నారు.

మామగారు నుదురు పట్టుకున్నారు. “సలవ అంటే చలవమ్మా. అమ్మ చలవ.”

క్రిస్టినా ఫోను ఆపేసి వ్యాను మీది అక్షరాలు మళ్ళీ చదివింది. ఎలీషా వ్యాను దగ్గరికి వెళ్ళి కొవ్వొత్తి మీద చెయ్యి పెట్టి నిలబడ్డాడు, దాన్ని కప్పేయాలన్నట్టు.

“నువ్వు చూళ్ళేదా హెలెనూ?” అంది దానమ్మ పెద్దమ్మ. కోపంగా కాదు. నాకు తెలియకుండా ఆ ఇంట్లో తెలుగు రాస్తారని ఆవిడ అనుకోలేదు, అంతే.

“లేదు పెద్దమ్మా,” అన్నాను.

క్రిస్టినా తలెత్తి నా వైపు చూసింది. ఆ చూపు ఎంతసేపు ఉందో చెప్పలేను. తర్వాత సొలొమోను అన్నయ్య వైపు తిరిగి, “తప్పు నాదేనండీ. నేనే సరిగ్గా వినలేదు,” అంది.

“పీకెయ్యండి,” అన్నాడు అతను.

స్టిక్కరు ఊరికే రాదు, వేడి తగలాలి. క్రిస్టినా లోపలికెళ్ళి తన జుట్టు ఆరబెట్టుకునే మిషన్, వంటింట్లో ఉన్న మూడు ప్లగ్గుల బాక్సు పట్టుకొచ్చింది. కిటికీలోంచి వైరు లాగి, వేడిగాలి పట్టి, గోరుతో నల్ల అంచూ కొవ్వొత్తీ తీసి, ఒక్కో అక్షరం ఒలిచింది. ‘సె’ రావడానికి చాలాసేపు పట్టింది. సాయం చేద్దామని దగ్గరికెళ్ళాను. “వద్దులెండి,” అంది, నా వైపు చూడకుండా.

దానమ్మ పెద్దమ్మ కుర్చీ గేటు బయట వేయించుకుంది. “ఇప్పుడు సేత్తో రాయి నాయనా, నే చూస్తా ఉండగా. ఇక నాకు ఈ మిషన్ల మీద నమ్మకం లేదు.”

మా ఆయన సుద్దదారం తెచ్చారు. ఒక కొస ఎలీషా పట్టుకున్నాడు. గీత పడింది. బ్రష్షు పసుపు రంగులో ముంచి, రెండు అక్షరాలు రాసి, వెనక్కి తిరిగారు.

“హెలెన్, చలవా, చలువా?”

ఎన్ని నెలల తర్వాత. దారిన పోయే జనం ఆగి చూస్తున్నారు, సొలొమోను అన్నయ్య చూస్తున్నాడు, ఆ పిల్ల వైరు పట్టుకుని అక్కడే నిలబడి ఉంది.

“రెండూ ఒప్పే. చలవ అని రాయండి. పెద్దమ్మ నోట్లో ఉన్న మాట అదే,” అన్నాను. నా గొంతు నాకే నచ్చలేదు.

మిగిలిన రెండు బండ్లూ మర్నాడు వచ్చాయి. వాటికీ ఆయనే రాశారు. ఆ రెండు రోజులూ క్రిస్టినా నాతో అవసరానికి మాట్లాడింది. ఉప్పు, తువ్వాలు, గ్యాస్ బుకింగ్. ఎవరితోనూ ఏమీ చెప్పలేదు. చెప్పి ఉంటే బాగుండేది. ఎలీషా అరిచేవాడు, నేను ఏదో ఒకటి అనేదాన్ని, అయిపోయేది. ఫోను మాత్రం వంటింట్లో చార్జింగ్ పెట్టడం మానేసింది. బాక్సులో రెండు ప్లగ్గులు ఖాళీగా ఉంటున్నాయి. అటువైపు చూడకుండా మిక్సీ తిప్పుకునేదాన్ని.

తిరునాళ్ళు ముగిసిన మర్నాడు మధ్యాహ్నం అందరం ఇంట్లోనే తిన్నాం. టమాటా పప్పు, బంగాళాదుంప వేపుడు, వడియాలు. మామగారు ప్రార్థన చెప్పి, మొదటి ముద్ద తిని, చెయ్యి కంచంలోనే ఆపారు.

“తిరునాళ్ళయ్యాక చెప్తానన్నాను కదా, చెప్తున్నా. బోర్డు మారదు. ఆ మిషన్ ఎవరైనా అడిగితే ఇచ్చేద్దాం. ముందు భాగం మళ్ళీ స్టీఫెన్‌ది. క్రిస్టినా ఇంక షాపుకి రానక్కర్లేదు. ఇంట్లో హెలెన్‌కి తోడుగా ఉంటుంది. ఎలీషా, నువ్వేమీ అనుకోవద్దు. బతికున్న మనిషికి కొవ్వొత్తి పెట్టాం. ఆటోనగర్ అంతా చెప్పుకుంటున్నారు.”

ఎలీషా కంచం కొంచెం దూరం జరిపాడు. క్రిస్టినా అన్నంలో పప్పు కలుపుతూనే ఉంది, ఎంత కలిపినా అయిపోనట్టు.

నేను కోరుకున్నదంతా అక్షరం పొల్లు పోకుండా ఆ బల్ల మీద ఉంది.

మా ఆయన మంచినీళ్ళు తాగి గ్లాసు కింద పెట్టారు. “ముందు భాగం నాకొద్దు నాన్నా. సాయంత్రాలు నేను తిండి పార్సిళ్ళ బండి తోలుతున్నాను. క్రిస్‌మస్ ముందు నుంచి. అది మాననని చెప్తున్నా. చేత్తో రాయించుకునేవాళ్ళు ఇంకెన్నాళ్ళు ఉంటారో నాకు తెలీదు. మిషన్ తీసేస్తే షెడ్డే మూసుకోవాలి.”

అత్తగారు నోటి మీద చెయ్యి పెట్టుకున్నారు. మామగారు కొడుకు మొహంలోకి చూడ్డానికి ప్రయత్నించారు గానీ, అంత దూరం ఆయనకి మసకే.

“నేను చదివాను మామయ్యగారూ,” అన్నాను.

“ఏంటమ్మా?”

“కటింగ్‌కి ఇవ్వకముందు క్రిస్టినా నాకు చూపించింది. అది తప్పని నాకు తెలుసు. పెద్దమ్మ బతికుందని కూడా తెలుసు. స్పెల్లింగ్ సరిగ్గానే ఉందని చెప్పాను.”

వేపుడు గిన్నెలో గరిటె జారి చప్పుడైంది. జెస్సికా ఒక్కతే వడియం కొరుకుతోంది. మా ఆయన నా వైపు తిరిగారు. ఆ చూపు ఇప్పుడు కూడా నాకు గుర్తు తెచ్చుకోవాలని ఉండదు.

“ఎందుకమ్మా?” అన్నారు మామగారు చాలా మెల్లగా.

జవాబు ఉంది. ఫోను మోగడం మానేసిందని. అంత పెద్దమనిషి ముందు, అన్నం ముందు, ఆ మాట ఎంత చిన్నదిగా వినిపిస్తుందో నాకు తెలుసు. “కడుపుమంట,” అన్నాను.

క్రిస్టినా అన్నం కలపడం ఆపింది.

“మామయ్యగారూ, నేను ఇంట్లో ఉండను. మిషన్ అమ్మనివ్వను. తెలుగు నాకు సరిగ్గా రాదు, అది నిజం. అందుకని అక్క షాపుకి రావాలి. నా పక్క కుర్చీలో కూర్చోవాలి. నేను కొట్టిన ప్రతి మాటా చదివి, ‘చూశాను’ అని రాసి, కింద సంతకం పెట్టాలి. సంతకం లేకుండా ఏదీ కటింగ్‌కి పోదు.” వేళ్ళకంటిన పప్పు కంచం అంచుకి రాసింది. “ఇంట్లో ఉంటే అక్క ఏం ఆలోచిస్తుందో నాకు తెలీదు. పక్కన కూర్చుంటే కనీసం కనిపిస్తుంది.”

“మరి వంటో?” అన్నారు అత్తగారు.

“పొద్దున్నే చేసి పోతారు. మధ్యాహ్నం అన్నం నేను పడేస్తా, నాకేం చేతులు పడిపోలేదు,” అన్నారు మామగారు. తర్వాత నా వైపు తిరిగారు. “ఏమ్మా, పోతావా? సంతకం పెట్టాక తప్పొస్తే అది నీదే.”

“రేపటి నుంచి వెళ్తాను,” అన్నాను.

క్రిస్టినా వేపుడు గిన్నె తన వైపు లాక్కుంది. ఒక గరిటె వడ్డించుకుని, గిన్నెని నా కంచం దాకా కాకుండా సగం దూరంలో పెట్టింది.

“తొమ్మిదింటికి,” అంది. “నేను హారన్ కొట్టి పిలవను.”